పెద్దమ్మ పోయిందనడానికి నలభై రెండు సాక్ష్యాలు

అనకాపల్లిలో తెలివి ఎక్కువై, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడే ఇల్లు ఒకటుంది. ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు పరంధామం, నడిపివాడు గజపతి, చిన్నవాడు సింహాద్రి. వాళ్ళ పెద్దమ్మ రత్నమాంబ ముప్ఫై ఏళ్ళు పత్రికలో పనిచేసి, ఇప్పుడు మామూలు జనానికి వార్తలు రాయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు నడుపుతోంది. ముగ్గురూ ఆవిడకి సహాయకులు. "మనమే లేకపోతే ఈ ఊళ్ళో నిజం దిక్కులేనిదైపోయేది" అని పరంధామం రోజూ అద్దంలో మొహం చూసుకుంటూ అనుకునేవాడు.

పెద్దమ్మ కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్తూ కోర్సు వాళ్ళ చేతిలో పెట్టింది.

"మూడు రోజుల్లో వచ్చేస్తాను. నేను చెప్పింది గుర్తుందిగా? ఇద్దరు చెప్పందే ఏ వార్తా నమ్మకండి. ఎవరి గురించిన వార్తో వాళ్ళు చెప్పేదే పట్టుకుని రాసెయ్యకండి. ఒక్క తప్పుడు వార్త బయటికొచ్చిందా, కోర్సుకి తాళం వేస్తాను. మీరు వేరే పని చూసుకోవడమే!"

పరంధామం గబగబా తలూపాడు. వేరే పనుల్లో వాడు వారం నిలిచింది లేదు. హోటల్లో పెడితే, అన్నీ వేడివేడిగా వడ్డించమన్నారని పెరుగు కాచాడు.

మర్నాడు పొద్దున్నే క్లాసు. విద్యార్థులు నలభై రెండు మంది. "మీకు బాగా తెలిసినవాళ్ళు పోయారనుకుని ఒక మరణవార్త రాసి పంపండి" అని పరంధామం పని చెప్పాడు. సొంతవాళ్ళ మీద రాయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందరికీ తెలిసిన బయటి మనిషి పెద్దమ్మ ఒక్కతే. అంతే, సాయంత్రానికి నలభై రెండు మందీ ఆవిణ్ణే చంపేశారు. ఒకరు గుండెపోటుతో, ఒకరు పాముకాటుతో, ఒకావిడ అభిమానం కొద్దీ నిద్రలో.

సింహాద్రి చదువుతూ చదువుతూ బావురుమన్నాడు. "అన్నయ్యా, పెద్దమ్మ పోయింది!"

"ఎవరు చెప్పారు?"

"నలభై రెండు మంది!"

పరంధామం లెక్క వేశాడు. ఇద్దరు చాలంది పెద్దమ్మ. ఇక్కడ ఇంకో నలభై మంది మిగిలారు కూడా.

"మనమే కదా రాయమన్నాం?" అన్నాడు గజపతి అనుమానంగా.

"రాయమన్నాం గాని, పెద్దమ్మ గురించి రాయమన్నామా? ఒకళ్ళకొకళ్ళు ముఖపరిచయం లేనివాళ్ళు. నిజం కాకపోతే అందరికీ ఒకే పేరు ఎలా తడుతుందిరా?"

గజపతి దండ కొనడానికి పరుగెత్తాడు. ఇంకేముంది, పెద్దమ్మ ఫొటోకి దండ వేసి, నల్ల అంచు కట్టి, కోర్సు పేజీలో వార్త పెట్టేశారు.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఏటిరా ఇది? నేను పోయానని పెట్టారేటి? బతికే ఉన్నాన్రా!"

పరంధామం కళ్ళు తుడుచుకున్నాడు. "క్షమించు పెద్దమ్మా. నీ గురించిన వార్త నువ్వు చెబితే పట్టుకోకూడదు. నువ్వు నేర్పిందే."

అట్నుంచి కేకలు. వాడు భక్తిగా ఆఖరిదాకా విని, ఫోన్ పెట్టేసి తమ్ముళ్ళ వైపు తిరిగాడు. "మనమంటే ఎంత ప్రేమరా! పోయాక కూడా తిడుతోంది" అని మళ్ళీ ఏడ్చాడు. అది దొంగేడుపు కాదు. ఆవిడంటే వాడికి నిజంగా ప్రాణం.

మర్నాడు కంటికి కట్టుతో పెద్దమ్మ ఆటో దిగేసరికి ఇంటి ముందు షామియానా. గజపతి ఎదురొచ్చి ఆవిడకే కుర్చీ వేశాడు. "కూర్చోండి. భోజనాలు పన్నెండింటికి."

"ఒరే, నన్ను చూడరా!"

"చూస్తున్నాం పెద్దమ్మా" అన్నాడు పరంధామం చేతులు కట్టుకుని. "కానీ నువ్వొక్కర్తివే చెబుతున్నావు. బయటివాళ్ళు ఇద్దరుంటే బాగుండేది."

ఆటో ఏసుబాబు కల్పించుకున్నాడు. "బతికే ఉన్నారు బాబూ. స్టేషన్ నుంచి ఇక్కడిదాకా గోతికొక తిట్టు తిట్టుకుంటూ వచ్చారు."

పరంధామం పుస్తకంలో రాసుకున్నాడు. "ఒకరయ్యారు. ఇంకొకరు కావాలి."

పెద్దమ్మ లాగి ఒక్కటిచ్చింది. వాడు చెంప రుద్దుకుంటూ పుస్తకం తెరిచి, "రెండో సాక్షి నా చెంప" అని ఒప్పుకున్నాడు.

పెద్దమ్మ ఆయాసపడుతూ కుర్చీలో కూలబడింది. "ఇంక ఒక్కటే దారి. ఇప్పుడే సవరణ వెయ్యండి. తప్పు ఎక్కడ వేశారో అక్కడే, ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో అంత పెద్ద అక్షరాల్లో. చింతిస్తున్నామని తప్పకుండా రాయండి. అది సరిగ్గా వస్తే కోర్సుంటుంది. లేదా, ఇవాళే తాళం!"

ముగ్గురూ తలుపేసుకుని కూర్చున్నారు. ఉద్యోగం నిలబడాలని పరంధామం ఒక్కో అక్షరాన్నీ స్కేలుతో కొలిచాడు. అదే ఫొటో, అదే దండ, అదే నల్ల అంచు. అరగంటకి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, పెద్దమ్మ మంచి కంటికి ఎదురుగా ఫోన్ పట్టుకున్నాడు.

"రత్నమాంబ గారు బతికే ఉన్నారని తెలియజేయడానికి మిక్కిలి చింతిస్తున్నాం. ఈ కష్టాన్ని తట్టుకునే శక్తిని భగవంతుడు ఆమె కుటుంబానికి ప్రసాదించుగాక!"

పెద్దమ్మ తాళంకప్ప కోసం లేచింది. అప్పటికే పేజీలో ఆ సవరణ కింద నలభై రెండు మంది విద్యార్థులూ తమ ప్రగాఢ సానుభూతి తెలియజేసేశారు.