ఏడో దూలం

పది రోజులుగా దాలినాయుడికి తిండి సయించడం లేదు.

విశాఖలో కొత్తగా కట్టిన పన్నెండంతస్తుల ఆఫీసు భవనంలో పై అంతస్తు హాలు ఈ వడ్రంగి మేస్త్రీ పనే. కలప కోసం ఒక్క చెట్టూ కొట్టకూడదని యజమానుల పట్టుదల. అందుకని పడగొట్టిన పాత మిల్లు నుంచి ఎనిమిది టేకు దూలాలు తెచ్చి, చిత్రిక పట్టి, పైకెత్తించాడు. అద్దాల కప్పంతా వాటి మీదే నిలిచింది. సోమవారం ఆఫీసు తెరుస్తారు. దూలాల కింద కుర్చీలు వేసి, ఉద్యోగుల పేర్లు కూడా అంటించేశారు.

పని చూడ్డానికి గురువు కోటాచారి వచ్చాడు. తలెత్తి చాలాసేపు చూశాడు.

"పాత దూలాలకి గోడలో ఉన్న కొసలే ముందు పుచ్చుతాయి. అన్నీ పొడిచి చూశావా?"

"చూశానండి," అన్నాడు దాలినాయుడు.

అది అబద్ధం. గడువు ముంచుకొస్తోందని ఏడో దూలాన్ని చూడకుండానే ఎత్తించాడు. అది ఎవరి నెత్తినో కూలినట్టు రోజూ కలలొస్తున్నాయి.

"గురువుగారూ, భయం పోవాలంటే ఏం చెయ్యాలండి?"

ముసలాయన టీ గ్లాసు పట్టుకుని మొదటి దూలం కింద కుర్చీలో కూర్చున్నాడు. ఒక గుక్క తాగి లేచాడు. రెండో దాని కింద ఇంకో గుక్క. విందులో చోటు నచ్చని పెద్దమనిషిలా కుర్చీలు మారుతున్నాడు. చూపు మాత్రం శిష్యుడి మొహం మీదే ఉంది.

ఆరో కుర్చీ నుంచి కూడా లేచాడు. ఏడోదాంట్లో కూర్చోబోతుంటే దాలినాయుడు పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడొద్దండి. దాన్ని చూడలేదు."

కోటాచారి కోప్పడలేదు. కుర్చీ వెనక అంటించిన కాగితాన్ని కూడబలుక్కుని చదివాడు.

"ఇందుమతి అట. ఆవిడకి చెప్పావా?"

దాలినాయుడు నిచ్చెన తెచ్చాడు. గురువు తన సంచిలోంచి ఉలి తీసిచ్చాడు. ఎక్కి, దూలం కొసన ఉలి ఆనించి నొక్కితే, సుత్తి అక్కర్లేకుండానే పిడి దాకా దిగిపోయింది.

"గురువుగారూ, ఇంకా భయంగానే ఉందండి."

ముసలాయన ఆ దూలం కిందే నిలబడి, రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు.

"ఉండనీ నాయనా," అన్నాడు.