అంతా రాజుగారి దయ

ఒకానొక రాజ్యం సముద్రం ఒడ్డునే ఉండేది. దాన్ని ఏలే ప్రచండభానుడికి అన్నం మీద కన్నా పొగడ్తల మీద ఆకలి ఎక్కువ. ఆయన తుమ్మితే మంత్రి "చిరంజీవ" అనాలి, ఆవలిస్తే చిటికెలు వెయ్యాలి, ఏ పనీ లేక ఊరికే కూర్చుంటే "ఆహా, ఏమి గాంభీర్యం!" అనాలి.

ఆ కొలువులో ఎల్కానా అని ఒక దుబాసి ఉండేవాడు. రేవుకొచ్చే పరదేశి వర్తకుల మాట రాజుకీ, రాజు మాట వాళ్ళకీ తిప్పి చెప్పడం అతని పని. అతను యూదుడు. తాతలనాడు ఓడ దిగి ఆ రేవులోనే స్థిరపడిపోయిన కుటుంబం. వాళ్ళకో ఆనవాయితీ ఉంది. మంచి జరిగితే దేవుడికి స్తోత్రం చెబుతారు. చెడు జరిగినా, పళ్ళు బిగించుకుని అయినా సరే, స్తోత్రమే చెబుతారు. ఇదేం వింత అని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు.

ఆ యేడు పెద్ద గాలివాన వచ్చి ఎల్కానా ఇంటి కప్పు పట్టపగలే ఎగరేసుకుపోయింది. వాన వెలిశాక ప్రచండభానుడు ఏనుగెక్కి ఊరు చూడ్డానికి బయల్దేరి, దుబాసి గుమ్మం ముందు ఆగాడు.

"ఎలా ఉన్నావోయ్?"

"దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం మహాప్రభో."

రాజు మొహం కందగడ్డలా అయింది. "నెత్తిన కప్పు లేదు, ఇంకా దేవుడి దయేమిటయ్యా? జీతమిచ్చి పోషించేది నేనా, ఆయనా? మంత్రీ, చాటింపు వేయించండి! ఇకమీదట జనం దేవుడి పేరెత్తే చోటల్లా నా పేరే వినబడాలి. కాదన్నవాణ్ణి ఆలుబిడ్డలతో సహా ఓడెక్కించి పంపేస్తాను. ఈ దుబాసి కాదంటే మొదటి ఓడలో ఇతన్నే!"

ఏనుగు కదిలిపోయింది. ఎల్కానా భార్య షిఫ్రా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈ గాలివానల్లో పసిపిల్లలతో సముద్రం మీదికా? పోనీ, ఆ మాటేదో అనెయ్యకూడదూ?"

ఎల్కానా గడపలో కూలబడ్డాడు. ఆ మాట అంటే నమ్ముకున్న దేవుణ్ణి కాదన్నట్టు, అనకపోతే పిల్లలు నడిసముద్రంలో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అంతలో వీధిలో చాటింపు విని చేపలమ్మే పోలమ్మ వచ్చింది. "దుబాసీ బాబూ, మాయత్త కాలం సేసినాది. దేవుడి కాడికెల్లిపోనాది అనుకుంటాం గదా, ఇప్పుడలాగనకూడదంట. మరేటనాల?"

ఎల్కానా తల ఎత్తాడు. అతని పెదవి చివర నవ్వు మొలిచింది. "మాటకి మాట మార్చడం నా వృత్తే కదమ్మా. రాజుగారి దగ్గరికి వెళ్ళిపోయింది అనాలి."

ఆ కబురు రేవంతా పాకింది. అనుమానం ఉన్నవాళ్ళంతా దుబాసి గుమ్మానికే వచ్చారు. అతను ఎవరి మాట వాళ్ళకి ఓపిగ్గా మార్చి పంపాడు. తన గురించి మాత్రం దేవుడి బదులు రాజు పేరు ఒక్కసారీ పలకలేదు.

కొన్నాళ్ళకి తన చాటింపు ఎంత బాగా పారుతోందో రాణిగారికి చూపించాలని రాజుకి సరదా పుట్టింది. ఇద్దరూ పల్లకీలో రేవుకొచ్చారు.

"ఇంట్లో అంతా కులాసాయేనా?" అని రాణి పోలమ్మని అడిగింది.

"ఏటి కులాసా తల్లీ! మాయత్తని రాజుగారు తీసుకుపోనారు."

రాణి మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. "ఎవరండీ ఆవిడ?"

"నేనెవర్నీ తీసుకుపోలేదు!" అని అరిచాడు ప్రచండభానుడు.

పక్కనున్న జాలరి నిట్టూర్చాడు. "మా పడవ ముంచిందీ రాజుగారే. తిండి రాజుగారెరుగు, తాగడానికి గంజైనా లేదు. ఏం చేస్తాం, పెట్టేదీ ఆయనే, కొట్టేదీ ఆయనే!"

ఇంటికెళ్ళేదాకా రాణి ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళాక మాట్లాడింది. మర్నాడు రాజు కళ్ళు ఎర్రగా చేసుకుని కొలువు తీరి దుబాసిని పిలిపించాడు.

"ఊళ్ళో చావులన్నీ నా నెత్తిన రుద్దావా? ఓడ సిద్ధంగా ఉంది!"

"మహాప్రభో, దేవుడి పేరెత్తే చోటల్లా అన్నారు. జనం ఆ పేరు ఎక్కువగా ఎత్తేది కష్టాల్లోనే."

"ఆమాత్రం తెలివి లేదా? మంచికి నా పేరు! చెడ్డకి దేవుడి పేరు!"

ఎల్కానా చేతులు జోడించాడు. "సగం పని చేసే దేవుణ్ణి మావాళ్ళు ఎరగరు ప్రభూ. కప్పు లేచిపోయినప్పుడు పిల్లల్ని చాప కింద దాచి నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే స్తోత్రం చెప్పాను. ఆ గాలివానలోనూ ఆయనే ఉన్నాడంటే, మేం దిక్కులేనివాళ్ళం కాదన్నమాట. అంతకన్నా నాకేమీ తెలీదు. తమరు ఆయన పీట అడిగారు. ఆ పీట మీద కూర్చున్నవారికి దండలూ పడతాయి, శాపనార్థాలూ పడతాయి. వచ్చే యేడు వానలు పడకపోతే ఊరంతా తమ వాకిట్లోనే ఉంటుంది."

ప్రచండభానుడు ఆ వాకిలిని ఊహించుకున్నాడు. అందులో అందరికన్నా ముందు రాణి నిలబడి ఉంది. ఆయన పొట్ట కదిలింది, మీసం కదిలింది, ఆఖరికి పగలబడి నవ్వాడు.

"వద్దయ్యా బాబూ, ఆ పీట ఆయనకే ఉండనీ! మంత్రీ, చాటింపు రద్దు. ఈ దుబాసి ఇంటికి మంచి పెంకు తోలించి కప్పు వేయించండి."

ఎల్కానా కళ్ళు తుడుచుకుని పైకి చూసి దణ్ణం పెట్టాడు.

రాజుకి మళ్ళీ చురుక్కుమంది. "ఓయ్! పెంకు ఇస్తున్నది నేను!"

"నిజమే ప్రభూ. కానీ దణ్ణం ఆయనకే వెళ్ళనివ్వండి. రేపు ఆ పెంకు కారితే అడిగేది కూడా ఆయన్నే. తమరు హాయిగా నిద్రపోవచ్చు."

"అయితే గట్టిగా పెట్టవయ్యా దణ్ణం!" అన్నాడు రాజు. "నా తరఫున కూడా ఒకటి పెట్టు!"