కూర్మయ్య పెట్టిన రెండో పరీక్ష

నల్లమద్ది కోనలో ఒక ఆపద బడి ఉండేది. కొండ మీంచి జారిపడినా, వాగులో మునిగినా, గొంతులో ఏదైనా అడ్డం పడినా ప్రాణం ఎలా నిలబెట్టాలో అక్కడ నేర్పేవారు. ఆ బడి పెట్టింది ఎలుగు నాంచారమ్మ. రెండేళ్ళ కిందట ఆమె కళ్ళ ముందే ఒక కుందేలు, గొంతులో రేగిగింజ అడ్డం పడి చచ్చిపోయింది. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియలేదు. ఆ బాధ ఆమెను ఇంకా వదల్లేదు.

ఆమె బడిలో మాటలు తక్కువ. ఒకరు పడిపోయినట్టు నటించాలి, మిగతావాళ్ళు లేపాలి. రోజంతా దుమ్ము, చెమట, నవ్వులు.

అక్కడికి ఒకరోజు నక్క చిదంబరం దిగాడు. ఉత్తినే దిగలేదు, బడి మీద కన్నేసి దిగాడు.

"ఏమిటక్కా ఈ కుస్తీలు? చదువంటే నోటికి రావాలి. నేను ఎనిమిది సూత్రాలు కట్టాను. వల్లె వేయిస్తే నెల తిరక్కుండా అందరూ వైద్యులే!"

"ఊపిరాడనివాడికి సూత్రాలెందుకు తమ్ముడూ?" అంది నాంచారమ్మ.

తగువు ఏనుగు దొర దాకా వెళ్ళింది. దొర తాబేలు కూర్మయ్యను పిలిపించాడు. "తాతా, నెల రోజులు ఇద్దరినీ చెరో జట్టుకు నేర్పనివ్వు. ఎవరి పద్ధతి మంచిదో పరీక్షించి చెప్పు. ఓడినవాళ్ళు బడి వదిలిపోవాలి."

నాంచారమ్మకు ఒప్పుకోక తప్పలేదు.

"శిష్యుల్ని చీటీలు వేసి పంచుదాం," అన్నాడు కూర్మయ్య.

"నీకెందుకు తాతా ఆ శ్రమ? నేనే ఏరుకుంటాను," అంటూ చిదంబరం చిలకల్ని, గోరువంకల్ని, నోరున్న ప్రతివాణ్ణీ తన వైపు లాగేసుకున్నాడు. పొట్టేలు వీరన్న, ఒక పంది, ఒక గాడిద మిగిలారు.

"ఎవరైతేనేం, రండి నాయనా," అని నాంచారమ్మ వాళ్ళను వెంటబెట్టుకుపోయింది. కూర్మయ్య సరే కానివ్వమన్నాడు.

నెల గడిచింది. మొదటి పరీక్ష నోటితోనే జరగాలని చిదంబరం పట్టుబట్టాడు. పెద్ద చిలక ఎనిమిది సూత్రాలూ ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పింది.

"వీరన్నా, గొంతులో గింజ అడ్డం పడితే ఏం చేస్తావు?" అని అడిగాడు కూర్మయ్య.

వీరన్న కంగారుగా చుట్టూ చూశాడు. "ఎవరికి పడింది తాతా?"

కోనంతా గొల్లున నవ్వింది. ఎవరు గెలిచారో చెప్పడానికి అందరూ వేసిన గులకరాళ్ళన్నీ చిదంబరం కుప్పలోనే పడ్డాయి. నాంచారమ్మ తలవంచుకుంది.

కూర్మయ్య నక్కను పక్కకు పిలిచాడు. "అబ్బాయ్, ఇంకో చిన్న పరీక్ష ఉంది. మూడో కంటికి తెలియకూడదు. మధ్యాహ్నం విందులో రేగిగింజ అడ్డం పడినట్టు పడిపో. నీ శిష్యులు నిన్ను లేపడం దొర కళ్ళారా చూస్తాడు."

"నా శిష్యులా? రెప్పపాటులో లేపేస్తారు!" అని చిదంబరం మీసం దువ్వాడు.

విందు మంచి జోరు మీదుండగా చిదంబరం గొంతు పట్టుకుని దబ్బున పడ్డాడు. పెద్ద చిలక కొమ్మెక్కింది.

"మొదటి సూత్రం. కంగారు పడరాదు!"

"పడరాదు!" అన్నాయి గోరువంకలు.

"రెండో సూత్రం. గుంపుగా మూగరాదు!"

"మూగరాదు!" అంటూ అన్నీ వచ్చి నక్క మీద మూగాయి.

త్వరగా కానివ్వమని చిదంబరం కన్ను గీటాడు. కన్ను కొట్టుకోవడం మూడో సూత్రం కిందికి వస్తుందా, అయిదో దాని కిందికా అని చిలకల్లో పెద్ద చర్చ లేచింది.

ఈలోగా వీరన్న అందరినీ తోసుకుంటూ వచ్చాడు. "బాబాయ్, మాట్లాడగలవా?"

మాట్లాడితే గుట్టు బయటపడుతుంది, శిష్యుల పరువూ పోతుంది. చిదంబరం లేదన్నట్టు తల ఊపాడు.

"ఊపిరాడటం లేదు. పట్టుకోండి!" అన్నాడు వీరన్న. పంది వచ్చి నక్క రొమ్ము కింద దూరింది. గాడిద నక్క తలను కిందికి వంచి పట్టుకుంది. వీరన్న నుదుటితో రెండు భుజాల మధ్య ఒక్క కుమ్ము కుమ్మాడు. ఇంకోటి. మూడోదానికి, తిన్న రేగిపళ్ళు నిజంగానే బయటికొచ్చాయి. నాలుగోదానికి చిదంబరం ఓర్చుకోలేకపోయాడు.

"చచ్చాన్రోయ్!"

వీరన్న టక్కున ఆగిపోయాడు. "మాట వచ్చింది. ఇక కొట్టకూడదు," అన్నాడు నెమ్మదిగా.

దొర చెవులు టపటపలాడేలా నవ్వాడు. నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. వీరన్న తల నిమిరి, "ఆ రోజు నువ్వుంటే ఆ కుందేలు బతికేది నాయనా," అంది. ఆమె కళ్ళు తడిశాయి. రెండేళ్ళ బరువు కాస్త దిగినట్టనిపించింది.

చిదంబరం వీపు పట్టుకుని లేచాడు. "అన్యాయం! నాకు దొరికిన శిష్యులు అలాంటివాళ్ళు!"

"ఏరుకున్నది నువ్వే కదరా," అన్నాడు కూర్మయ్య. "అయినా ఒక్క ఘటన చూసి తీర్పు చెప్పేవాణ్ణి కాను. వానలు వెళ్ళాక చీటీలు వేసి పంచి, మళ్ళీ చూద్దాం. పడిపోవడానికి నువ్వే ఉండాలి."

వీరన్న ఉత్సాహంగా రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు తాతా! ఓడిపోయాను, ఒప్పుకున్నాను! బడి వదిలి పోతున్నాను!"

"ఎక్కడికీ పోవద్దు తమ్ముడూ," అంది నాంచారమ్మ. "పడిపోయినట్టు నటించడంలో నీ అంతటివాడు ఈ కోనలో లేడు. రేపు పొద్దున్నే వచ్చెయ్."

నీతి: ఆపద కోసం నేర్చిన చదువు ఆపదలోనే తేలుతుంది.