ఏదు తాత ముల్లు, ఏటి అవతలి ఆకు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక అడవి, అవతల ఒక అడవి. నడుమ ఇసుక తిన్నె.

ఆ రోజుల్లో ఎండాకాలం వస్తే ఎంత సందడో పిల్లలూ! రెండు ఒడ్ల వాళ్లకూ తిన్నె మీదే కాపురం. అటువైపు నేరేడు పళ్లు ఇటు వచ్చేవి, ఇటువైపు వెలగ పళ్లు అటు వెళ్లేవి. ఎవరి పిల్ల ఏడ్చినా ఎవరో ఒకరు ఎత్తుకునేవాళ్లు. కాలిలో ముల్లు దిగితే తీయడానికి ముళ్లపంది ఏదు తాత ఉన్నాడు. వాళ్ల తాతలనాటి ఏదుముల్లు ఒకటి ఆయన దగ్గర ఉండేది. అరిగి అరిగి నున్నగా మెరిసేది. రెండు ఒడ్లకూ అదే ముల్లు. "ఇలాంటి పనిముట్టు ఇప్పుడెక్కడుంది!" అని మురిసిపోయేవాడు.

తర్వాత ఒక జబ్బు వచ్చింది. అది పట్టినవాళ్లు కొన్నేళ్లు బాగానే తిరుగుతారు. ఆ తర్వాత చిక్కిపోతారు. చిన్న జలుబుకే కూలిపోతారు. ఇవతలివాళ్లు దానికి 'అవతలి జబ్బు' అని పేరు పెట్టారు. రాకపోకలు ఆగిపోయాయి. తిన్నె మీద గడ్డి మొలిచింది.

చుక్కి అనే జింకకు ఆ జబ్బు సోకింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది.

రేవుకు వెళితే అడవిపంది కోరయ్య అడ్డం నిలిచాడు. "నీళ్లు ముట్టుకోకు! అవతలికి తిరిగినదానివి."

"నేను తిన్నె దాటి ఎప్పుడూ పోలేదు మామా."

"మామా లేదు, గీమా లేదు. ఫో!"

చెట్టు కిందికి వెళితే కోతులు పుల్లలు విసిరాయి. పొద దగ్గరికి వెళితే కుందేలు పిల్లల్ని లోపలికి లాక్కుంది. ఆ అడవి మరిచిపోయిందేమో గానీ, ఈ కథ చెప్పే నాకు ఎవరేం చేశారో అన్నీ గుర్తే.

చుక్కి ఏటి ఒడ్డున కూలబడి ఏడ్చింది. "నేను పోతే పోయాను. నా కడుపులో బిడ్డ ఏం చేసింది?"

నీటికుక్క నీళ్లలోంచి తల ఎత్తింది. "వదినా, ఒక వింత చెప్పనా? అటుపక్క కూడా ఈ జబ్బు ఉంది. వాళ్లూ దీన్ని అవతలి జబ్బు అనే అంటారు!"

ఏడుపు మధ్యలోనే చుక్కికి నవ్వొచ్చింది. "మరి ఇది ఎవరిదే?"

"నన్నడిగితే? నేను నీళ్లదాన్ని. అవతలి ఒడ్డున ఉన్న కొండముచ్చు అవ్వను అడుగు."

చుక్కి ఏరు ఈదింది. అక్కడా తరమబోయారు. అవ్వ వాళ్లను కసిరింది. చుక్కిని ఎగాదిగా చూసింది.

"నువ్వు మచ్చమ్మ కూతురివి కదూ? తిన్నె మీద నా తోక పట్టుకు లాగేదానివి! రా, నా పక్కన కూర్చో. పక్కన కూర్చుంటే ఈ జబ్బు రాదు. ఒకే రేవులో తాగితే రాదు. నెత్తురులో నెత్తురు కలిస్తే వస్తుంది. ఎలా కలుస్తోందో మాత్రం మాకు అంతుబట్టలేదు."

"మా వైపు, ఏదు తాత చేత ముల్లు తీయించుకున్నవాళ్లే చిక్కిపోతున్నారు అవ్వా."

అవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మా వైపూ అంతేనే తల్లీ! అందరి నెత్తురూ ఆ ఒక్క ముల్లుకే!"

అప్పుడు రాళ్ల సందు నుంచి ఒక తీగ కోసి తెచ్చింది. "ఈ ఆకు జబ్బును తరిమెయ్యదు. నిద్రపుచ్చుతుంది. రోజూ తినాలి. మానితే మళ్లీ లేస్తుంది. మా ఒడ్డున కడుపుతో ఉన్న తల్లులు తిన్నారు. వాళ్ల పిల్లలు బాగున్నారు."

"మన ఆకు అవతలివాళ్లకా?" అన్నారు కుర్ర కొండముచ్చులు.

"జబ్బు ఏరు దాటేటప్పుడు ఎవరినీ అడగలేదు. ఆకు ఎందుకు అడగాలిరా?" అంది అవ్వ.

చుక్కి ఆకు పట్టుకుని ఇవతలికి తిరిగొచ్చి ఏదు తాతకు సంగతి చెబితే అలిగాడు. "మా తాత ముల్లునే అంటారా?"

చుక్కి మెల్లగా అంది. "తాతా, నీ ఒంటినిండా ముళ్లే కదా. ఒక్కొక్కరికి ఒక కొత్త ముల్లు వాడలేవా?"

తాత మెడ తిప్పి తన వీపు చూసుకున్నాడు. తర్వాత తానే గొయ్యి తవ్వి ఆ పాత ముల్లును పాతిపెట్టాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

చుక్కి రోజూ ఆకు తింది. బిడ్డ పుట్టింది. గంతులు వేస్తూ ఏళ్లు గడిచినా బిడ్డకు జ్వరం లేదు, చిక్కడం లేదు. అప్పుడు చుక్కి ఇవతలి రేవులో నిలబడి, అందరూ వినేలా చెప్పింది.

"జబ్బు నాకు ఉంది. నా బిడ్డకు లేదు. దాచుకున్నవాళ్లు ఉంటే రండి. ఆకు తెచ్చాను."

పొదలు కదిలాయి. ఒక దుప్పి వచ్చింది. ఒక కోతి వచ్చింది. అందరికంటే చివర, ఎముకలు తేలిన ఒంటితో, తల వంచుకుని కోరయ్య వచ్చాడు.

నేనైతే ముఖం తిప్పుకునేదాన్ని. చుక్కి పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూర్చో మామా. చేదుగా ఉంటుంది. నమలకుండా మింగు" అంది.

నీతి: జబ్బును ఎదుటి ఒడ్డు మీదికి నెట్టేస్తే అది రెండు ఒడ్లనూ తింటుంది, తెలిసింది చెప్పుకుని, ఉన్నది పంచుకుని, జబ్బుపడ్డవారిని పక్కన కూర్చోబెట్టుకుంటేనే అది అదుపులో ఉంటుంది.