అసిరయ్య ఊడదీసిన గురగుర

సముద్రం ఇంకా రేవుకి దగ్గరగా ఉన్న రోజులవి. ఓడలు పొగ వదులుతూ వచ్చేవి, పాటలు రేడియోల గాజు వాల్వుల్లోంచి వచ్చేవి. ఆ రోజుల్లో, రేవు పక్కనున్న బొగ్గుపేటలో, అసిరయ్య అనే మెకానిక్కు ఉండేవాడు.

రాజులు రాళ్ల మీద పేర్లు చెక్కించుకున్నారు. కాంట్రాక్టర్లు గేట్ల మీద పేర్లు రాయించుకున్నారు. అసిరయ్యకి రాయీ లేదు, గేటూ లేదు. ఒక బల్ల, ఒక టంకం కడ్డీ, ఒక మీటరు, అంతే. అయినా మనం చెప్పుకుంటున్నది అతని కథే.

ఆ పేటలో అందరిదీ అనదగ్గ వస్తువు ఒక్కటే ఉండేది. ఏదో ఓడలోంచి దిగిన బేస్ గిటారు ఆంప్లిఫయరు, గిటారు మోతని పెద్దది చేసే పెట్టె. ఇద్దరు పట్టుకుంటేగాని కదలదు. స్విచ్చు వేయగానే పలకదు. ముందు వాల్వుల్లో నిప్పురవ్వంత ఎరుపు పుడుతుంది, తరవాత వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది, అప్పుడు పలుకుతుంది. పగలు బొగ్గు గంపలు మోసే పోలమ్మ దానికి గిటారు తగిలించి లావు తీగ మీటేది. గురగురమంటూ ఒక మోత వచ్చేది. అది చెవులకన్నా ముందు కాళ్లకి తెలిసేది. పెళ్లికి మీటినా, చావుకి మీటినా, గేటు దగ్గరికి రమ్మని మీటినా పేట పేటంతా తలుపులు తీసుకుని వచ్చేసేది.

ఒకసారి కాంట్రాక్టరు పన్నెండుమంది ఆడవాళ్లని పనిలోంచి తీసేశాడు. ప్రతిదానికీ కారణం అడుగుతున్నారు కాబట్టి తీసేశానన్నాడు. వాళ్లలో పోలమ్మ ఒకతె. పేట కూర్చుని మాట్లాడుకుంది. పన్నెండుమందికి లేని పని ఎవరికీ వద్దనుకుంది. సోమవారం పొద్దున్నే గేటు ముందు పోలమ్మ మీటాలి, ఆ మోత వినగానే అందరూ గంపలు వదిలి రావాలి. అదీ కట్టుబాటు.

అసిరయ్య తన వంతుగా ఏదైనా చెయ్యాలనుకున్నాడు. ఆదివారం ఆంప్లిఫయరుని బల్ల మీదకి ఎక్కించాడు. ఎడమ చెయ్యి నడుం వెనక్కి పెట్టుకున్నాడు. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండెలోంచి పోతుందని అతనికి తెలుసు. కుడిచేత్తో వెతికితే మూడు కండెన్సర్లు ఉబ్బిపోయి కారుతున్నాయి. తీసేసి కొత్తవి వేశాడు. మీటరు ముల్లు సరిగ్గా ఉండాల్సిన చోట నిలబడింది. శ్రమజీవి గొంతుకి తుప్పు ఉండకూడదని తనలో తనే అనుకుని మురిసిపోయాడు.

సోమవారం పోలమ్మ మీటింది. కడిగిన గాజుగ్లాసులా శుభ్రంగా మోగింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు, ఒక్క గంపా దిగలేదు. కాంట్రాక్టరు బంగళాలో విందేదో అవుతోంది, బ్యాండు పిలిపించాడు కాబోలు అనుకున్నారంతా. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పన్నెండుమందీ గేటు ముందు ఒంటరిగా నిలబడ్డారు. గురువారం పొద్దున్నకి కొత్తవాళ్లు పన్నెండుమంది వస్తున్నారని మేస్త్రీ నవ్వుతూ చెప్పి లోపలికి పోయాడు.

పోలమ్మ అసిరయ్యని తిట్టలేదు. "బాగుంది అన్నయ్యా. మాది కాదు," అంది.

అసిరయ్యకి అర్థం కాలేదు. ఆ సాయంత్రం వాల్వులు మార్చాడు. మీటరు బాగుందంది. పేట కాదంది. మంగళవారం స్పీకరు మార్చాడు. మీటరు బాగుందంది. పేట కాదంది. బుధవారం పొద్దున్న ట్రాన్స్‌ఫార్మరు కూడా మార్చాడు. మీటరు ఇంకా బాగుందంది. పేట ఇంకా కాదంది.

చివరికి ఇల్లిల్లూ తిరిగి, పాత మోత ఎలా ఉండేదని అడిగాడు. పడవ అడుగు ఇసకలో రాసుకున్నట్టు ఉండేదని ముసలి పడవవాడు నూకాలు చెప్పాడు. మావగారు వాకిట్లో గొంతు సవరించుకున్నట్టు ఉండేదని, వింటే కూర్చోబుద్ధి కాదని ఒక కోడలు చెప్పింది. తనకేమీ వినపడేది కాదని, కాళ్లే లేచేవని కొలిమి పనివాడు చెప్పాడు. ముగ్గురూ మూడు చెప్పారు. మూడింటిలో ఒక్కటీ మీటరు మీద లేదు.

అసిరయ్య పోలమ్మ దగ్గరికే వచ్చాడు. "నాకేటీ తెలియట్లేదు పోలమ్మా. ఆ గురగుర రోగం. అలాగే వదిలేస్తే వాల్వులు మాడిపోతాయి."

"మరి మేం? మేం రోగాల్లేకుండా ఉన్నామేటి?" అంది పోలమ్మ.

అసిరయ్య ఇంటికెళ్లి, కొత్తగా పెట్టినవన్నీ ఊడదీసి పాతవే పెట్టాడు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఉబ్బిన కండెన్సర్లని ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి అతికించాడు. ఇన్నాళ్లూ నేర్చుకున్న పనికి అది ఎదురు పని. మీటరు తప్పంది. అయినా అలాగే వదిలేశాడు.

గురువారం పోలమ్మ మీటింది. గురగురమంది. ఒక తలుపు తెరుచుకుంది. రెండో తలుపు తెరుచుకుంది. ఆపైన ఎన్ని తెరుచుకున్నాయో లెక్కపెట్టినవాడు లేడు. గంపలు నేల మీద, మనుషులు గేటు ముందు. కొత్తవాళ్లు పన్నెండుమందికీ లోపలికి దారి లేకపోయింది. రెండు రోజులు ఓడలోకి గుప్పెడు బొగ్గు ఎక్కలేదు. మూడో రోజు పన్నెండుమందికీ పని తిరిగొచ్చింది. ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు, నిలబడి తెచ్చుకున్నది.

జనం పోలమ్మని భుజాలమీదకి ఎత్తుకున్నారు. అసిరయ్య ఆంప్లిఫయరు వెనకాల చతికిలబడి, తప్పు చూపిస్తున్న ముల్లునే చూస్తున్నాడు.

ఆ తరవాత ఎప్పుడు మోగినా దాని వెనక అసిరయ్య ఉండేవాడు. వాల్వు మాడితే గుడ్డ చుట్టుకున్న చేత్తో పీకి ఇంకొకటి పెట్టేవాడు. రోగాన్ని కాపాడుతూ యంత్రాన్ని బతికించాడు. కనిపించిన ప్రతివాడినీ ఒకే మాట అడిగేవాడు: "సరిగ్గా ఉన్నది తప్పెలా అయింది?" మంచంలో పడ్డాక పోలమ్మనీ అదే అడిగాడు.

"నాకూ తెలీదు అన్నయ్యా," అంది పోలమ్మ. తెలియకుండానే పోయాడు అసిరయ్య.

ఇప్పటికీ ఆ రేవులో ఏ రిపేరు కొట్టుకైనా వెళ్లండి. ఫ్యానో, గడియారమో, కుట్టుమిషనో బల్ల మీద పెట్టండి. మెకానిక్కు స్క్రూడ్రైవరు ముట్టుకోడు. "ఇందులో ఏది బాగుచెయ్యకూడదు?" అని అడుగుతాడు. కొందరు టక్కున చెప్తారు. చాలామంది చెప్పలేక తమ వస్తువువంకే చూస్తూ నిలబడతారు. మెకానిక్కు విసుక్కోడు, చేతులు కట్టుకుని ఆగుతాడు. అలా తెలియక నిలబడే ఆ కాసేపటిని ఆ పేటవాళ్లు అసిరయ్య అని పిలుస్తారు.