హనుమంతుడి బొమ్మ, భూపతి మీసం

దేశదేశాలు తిరిగి వింత వస్తువులు పోగుచేసే విజయభూపతి దొర, తోలుబొమ్మలాడించే అంబక్క గుడారం ముందు బండ్లు ఆపించాడు. ఆమె తాతల నాటి హనుమంతుడి బొమ్మ మీద ఆయన కన్ను పడింది, తనకిచ్చెయ్యమన్నాడు. అది పోతే అంబక్కకు ఆటా లేదు, కూడూ లేదు.

అయినా ఆమె చూపంతా బండి మీదే ఉంది. "ఆ పొడుగాటి బూర ఏ దేశానిది దొరా? ఎలా మోగుతుంది?"

"మోగించడమా! అది అద్దాల పెట్టెలో ఉంటుంది, ఎవరూ ముట్టుకోకూడదు," అన్నాడు దొర మీసం దువ్వుతూ. "ఏ వస్తువు తెచ్చినా దాని ఆచారం మాత్రం పొల్లుపోకుండా పాటిస్తాను. నా గొప్పంతా అదే!"

గుమిగూడిన ఊరంతా ఆ మాట విన్నది.

"అయితే తీసుకోండి," అంటూ అంబక్క బొమ్మను చేతికిచ్చింది. "ఆడినన్నాళ్లే బొమ్మ బతికున్నట్టు. ఆట ఆగిందా, పోయినట్టే. ఎవరింట్లో పోతే ఆ ఇంటి పెద్ద తలా మీసమూ గొరిగించుకుని, బొమ్మను ఏట్లో కలపాలి. అదీ మా ఆచారం. మీకు ఆడించడం వచ్చా దొరా?"

దొర చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. ఊరివాళ్ల మొహాలు చూశాడు. బొమ్మను తిరిగిచ్చేసి బండెక్కాడు.

అంబక్కకు ఇంకా ఆ బూర మీదే ధ్యాస.

"ఇంతకీ దొరా," అంది వెనకనుంచి, "బూర ఊదడం మానేస్తే ఆ దేశంలో ఏం గొరిగిస్తారో అడిగారా?"