మజ్జిగ వాటా

“దగ్గరి వెన్న భూమికి ఎక్కువ భారమైనప్పుడు, దూరపు వెన్న తెప్పించుకోవడమే ధర్మం కాదా గురువుగారూ?” అని శిష్యుడు హేమంత్ అడిగాడు.

ప్రశ్న ఊరికే పుట్టలేదు. ఆశ్రమానికి ఎక్కడి వెన్న తెస్తే గాలిలో తక్కువ కర్బనం చేరుతుందో తేల్చమని గురువు వీరభద్రయ్యగారే అతనికి అప్పగించారు. అతను హుషారుగా తేల్చేశాడు. నాలుగు వందల కిలోమీటర్ల అవతలి డెయిరీ వెన్న కిలోకి పన్నెండు కిలోల కర్బనం. పక్క వీధి కోటమ్మ వెన్నకు పద్దెనిమిది. లారీ డీజిల్ వాటా అందులో చిటికెడే, భారమంతా పశువుది. డెయిరీ పశువులు బిందెలకొద్దీ ఇస్తాయి. కోటమ్మ గేదెలు రెండూ కలిసినా అంత ఇవ్వవు. కాబట్టి ఆమె దగ్గర మానేద్దామన్నాడు. ఆమె వెన్న కొనేది ఆశ్రమం ఒక్కటే.

“ఆ గేదెల భారంలో వెన్నతోపాటు వచ్చే మజ్జిగ మీద ఎంత వేశావు?” అన్నారు గురువుగారు.

“సున్నా. వెలను బట్టి పంచాను గురువుగారూ. ఈ ఊళ్లో మజ్జిగ అమ్మరు కదా, ఊరికే పోస్తారు. వెల లేనిదానికి వాటా రాదు.”

ఆయన చెంబు చేతికిచ్చి, కోటమ్మ ఇంటి నుంచి మజ్జిగ తెమ్మన్నారు.

మిట్టమధ్యాహ్నం. ఆమె వాకిట్లో మిరప కోతల నుంచి వచ్చిన ఆడవాళ్లు గిన్నెలతో నిలబడి ఉన్నారు. హేమంత్ తిన్నగా గుమ్మం దగ్గరికి నడిచాడు.

“వరసలో రా స్వామీ, ఇక్కడ ఆశ్రమం వాళ్లకని వేరే వరస లేదు,” అంది ఒకామె. లెక్క సంగతి అప్పుడే ఊళ్లోకి పాకింది. ఇంకొకామె అతన్ని తేరిపార చూసింది. “కోటమ్మత్తా, నీ గేదెలు గాలి పాడుచేస్తున్నాయని లెక్క కట్టింది ఈయనేనంట.”

అందరూ నవ్వారు. హేమంత్ వెళ్లి చివర నిలబడ్డాడు.

“లెక్కలు తర్వాత. ఎండన పడి వచ్చాడు, ముందు తాగనీండి,” అంటూ కోటమ్మ అతన్ని పిలిచి గ్లాసు నింపింది. తాగాక, అడగకుండానే మళ్లీ నింపింది. చెంబులో పోస్తూ, “మీరు వెన్న మానేస్తే పాలు కొనే వ్యానుకు పాలన్నీ పోసెయ్యాలి బాబూ. చిలకనప్పుడు వీళ్లకు మజ్జిగ ఎక్కణ్ణుంచి తేను?” అంది. గొంతులో నిష్ఠూరం లేదు.

హేమంత్ రెండు చేతులూ జోడించి వచ్చేశాడు.

ఆశ్రమానికి వచ్చి, చెంబు గురువుగారి ముందు పెట్టి, ఈసారి ఆ ఆడవాళ్లు తాగినదానికీ వాటా వేసి లెక్క కట్టాడు. “కోటమ్మ వెన్న పదమూడుకు దిగింది గురువుగారూ. తప్పు దిద్దుకున్నాను. కానీ అబద్ధం చెప్పలేను, డెయిరీ కంటే ఇంకా ఒకటి ఎక్కువే.”

గురువుగారు మజ్జిగ గుక్కెడు తాగారు.

“ఆ ఒకటీ మన విస్తళ్లలో ఇంకేదైనా మానుకుని తగ్గించుకుందాం నాయనా. ఆ ఇంట్లో కవ్వం మాత్రం ఆగనివ్వకు.”